సాలమ్మ ఇంట్లో పురుడు

పెళ్లి కాకుండానే నేను బాలింతనయ్యాను. బయట చెప్పుకుంటే సిగ్గుచేటు. కానీ అవి రజాకార్ల రోజులు, సిగ్గుపడే తీరిక ఎవరికీ లేదు.

అప్పట్లో రజాకార్లతో పోరాడే మా సంఘానికి రేడియో కావాల్సి వచ్చింది. బయట ఏం జరుగుతోందో తెలియాలంటే అదొక్కటే దారి. దొర గడీ నుంచి తెచ్చిన బ్యాటరీ రేడియో ఒకటి ఉంది, కాకపోతే ముక్కలుముక్కలుగా ఉంది. దాన్ని బిగించడం వరంగల్‌లో సైన్సు చదివిన నాకు వచ్చు. అంటే, వచ్చని నేనే ఊరూరా చెప్పుకున్నాను. సంఘం పెద్ద ఓదెలన్న ఆ మాట పట్టుకున్నాడు.

"రేపు నిన్ను పట్టుకపోతే రేడియో మూగబోవద్దు. ఆడిపిల్లలకు నేర్పు. వాళ్ల మీద ఎవలకు అనుమానం రాదు" అన్నాడు.

నేర్పడం సరే, ఎక్కడ? జఫర్‌గఢ్ చుట్టుపక్కల నిజాం జవాన్లు ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. గడ్డివాములు కూడా కుళ్లగిస్తున్నారు. జవాన్లు కాలు పెట్టని చోటు ఒక్కటే మిగిలింది, పురిటి గది. మైల అంటే తుపాకీ ఉన్నవాడికైనా భయమే.

అలా సంఘం మనిషైన ముసలి సాలమ్మ ఇంట్లో నాకు పురుడు జరిగింది. నేను దూరపు ఊళ్లో ఉండే కోడలినని, తల్లి లేదు కనుక తానే పురుడు పోసిందని సాలమ్మ వాడంతా చాటింది. బిడ్డకు దిష్టి గండం ఉంది, నెల దాటేదాకా ఎవరూ చూడకూడదని కూడా చెప్పింది. తల, చెవులు, దవడలు కలిపి నాకు గుడ్డ కట్టింది. దుప్పటి కప్పింది, రేడియో ముక్కల్ని పొత్తిగుడ్డల్లో చుట్టి బిడ్డలా నా పక్కలో పెట్టింది. మంచం పక్కన కుంపటి పెట్టింది. ఎండాకాలం! ఉడికిపోయాను. పైగా ఇరుగుపొరుగు వాసన పడతారని నిజంగానే శొంఠి కారం, ఎల్లిగడ్డ కారం తినిపించింది. నా కడుపులో మంటకు సంఘం బాధ్యత తీసుకోలేదు.

కుంపటికి బొగ్గులు తెచ్చే నెపంతో రామి, సోమక్క వచ్చేవారు. ఇద్దరూ పక్కింటి ఆడపిల్లలే. రామి నన్ను "వదినె" అని పిలిచేది. పిలిచిన ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

మొదటి రోజు విద్యుత్తు గురించి, తరంగాల గురించి గుసగుసగా పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. నా పాండిత్యానికి నాకే ముచ్చటేసింది. రామి ఆవులించింది.

"వదినె, గదంతా తర్వాత చెప్దువు గని, ముందు ఏదేడ పెట్టాలెనో చేతికియ్యి."

చేతికిచ్చాను. కుంపట్లో కడ్డీ కాల్చి టంకం వేయడం చూపించబోయి నా వేలే కాల్చుకున్నాను. అదీ వాళ్లకు పాఠమే, అలా పట్టుకోకూడదని తెలిసింది. టంకానికి వాడే గుగ్గిలం పొగ వాకిలి దాకా పోయేది. పురిటి ఇంట్లో గుగ్గిలం వేస్తే వింతేముంది? పొత్తిగుడ్డలు ఆరేసిన దండెం రాగితీగది. అదే మా ఏరియల్. కాయిల్ నేను చుడితే చిక్కుపడింది. సోమక్క జడ వేసినంత నున్నగా చుట్టి ఇచ్చింది.

ఒక మధ్యాహ్నం చివరి తీగ కలిపాం. వాల్వులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడు వినిపించింది.

"అవ్వా, మీ ఇంట్ల రేడియో ఉన్నదని ఖబరొచ్చింది" అంది జమేదారు గొంతు.

వెంటనే రేడియో "కుయ్య్‌య్" మని కూత పెట్టింది. సోమక్క బిగుసుకుపోయింది. నేను గురువును కదా, ముందుగా దుప్పటి ముసుగేసుకున్నాను.

రామి మాత్రం అరచెయ్యి కాయిల్ దగ్గరికి తెచ్చి, వెనక్కి తీసింది. కూత పైకి లేచి కిందికి దిగింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ తీసింది. "కువ్వా... కువ్వా..."

"ఇన్నవా బిడ్డ ఏడ్సుడు? పురుటిల్లు ఇది" అంది సాలమ్మ బయట నుంచి. "వస్తె రా. మల్ల ఇంటికి పోయి తలమీదికెంచి నీళ్లు పోసుకో."

జమేదారు గడప అవతలే ఆగాడు, రామి చప్పున రేడియో మీదికి దుప్పటి లాగింది. ముక్కుకు రుమాలు పెట్టుకుని మంచం వైపు తొంగి చూశాడు.

"ఏం బిడ్డా, పానం మంచిగున్నదా?"

నేను మూలిగాను. అంతకు మించి నాకేమీ చేతకాలేదు.

"పోరడా, పోరియా?"

"పోరి" అంది సాలమ్మ.

"పోరికే గింత గొంతా!" అని నవ్వుకుంటూ జవాన్లతో వెళ్లిపోయాడు.

బూట్ల చప్పుడు దూరమయ్యాక రామి కాయిల్‌ను కాస్త జరిపింది. కూత తగ్గింది. దాని వెనక నుంచి మనిషి గొంతు వచ్చింది, ఎక్కడో ఢిల్లీలో వార్తలు చదువుతున్న గొంతు! ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఎగిరారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను ఇప్పుడు పట్టుకుపోయినా ఫర్వాలేదు, రేడియో మూగబోదు.

"వదినె ఏడుస్తున్నది" అంది రామి.

"ఎల్లిగడ్డ ఘాటు" అన్నాను.

సాలమ్మ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, మంగలి కత్తి నా చేతిలో పెట్టి, "రేపు మల్ల వస్తడట వాడు కొడుకా, జర గా గడ్డం గీక్కో" అంది.