టాపు గుడ్డలో గొంతు

ఇప్పుడు మాట్లాడని కారంటూ లేదు. నడిపే మనిషి గొంతు ఒకసారి పట్టిందంటే, ఆ మనిషి పోయినా కారు వదలదు. ఆ గొంతుండేది కారు కప్పుకి లోపలివైపు అతికించిన టాపు గుడ్డలో. అందుకే ఆటోనగర్‌లో దాన్ని ఊడదీసే నాగూర్‌బీకి చేతినిండా పని.

ఆ రోజు హైమ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల నుదుటి మీద కుట్లున్నాయి.

"బెల్టు పెట్టుకోకపోతే పోయిన వాళ్ల నాన్న గొంతు అడుగుతుందక్కా, పెట్టుకుంటే ఊరుకుంటుంది. అది వినాలని ఇది బెల్టే మానేసింది." హైమ తల దించుకుంది. "నేనూ అంతే."

నాగూర్‌బీ ముందు డోర్ ప్యాడ్లు తీసింది, తర్వాత పక్క పట్టీలు. చెప్పకుండా గొంతును దించడం ఆటోనగర్‌లో పాపం. గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, "ఇక దిగుతావా అయ్యా?" అంది.

"బెల్టు పెట్టుకున్నావా, బంగారం?" అంది గుడ్డ.

ఆమె కళ్లు మూసుకుని లాగేసింది.

ఊడదీసినా మాట చల్లారడానికి కాస్త టైము పడుతుంది. చుట్టి చంకలో పెట్టుకున్నా గుడ్డ అడుగుతూనే ఉంది.

వెనక సీట్లో పిల్ల గుడ్డ ఊడిన కప్పు రేకు వైపు చూస్తూ కూర్చుంది, బెల్టు ముట్టుకోకుండా. ముందు సీట్లో హైమ చాలాసేపు బండి స్టార్ట్ చెయ్యలేదు. చివరికి అద్దంలో పిల్లను చూస్తూ, "బెల్టు పెట్టుకున్నావా, బంగారం?" అంది.

వెనక టక్కుమని చప్పుడైంది. ఆ వెంటనే ముందు సీట్లో ఇంకొకటి.

నాగూర్‌బీ చంకలో గుడ్డ ఊరుకుంది.