మూడుసార్లు కాదన్న అమ్మవారు

సముద్రపు అమ్మవారి ముందు మనసులో ప్రశ్న అడిగి సూచిన్ విసిరిన నెలవంక ఆకారపు జోస్యం చెక్కలు మూడోసారీ రెండూ బోర్లానే పడ్డాయి. అంటే కాదని.

పక్కనే మోకరిల్లిన తోడికోడలు బీయున్‌కి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడ్డాయి. అంటే అవునని. అలా పడటం అది రెండోసారి.

సూచిన్‌కి కడుపు మండిపోయింది. తన కొడుక్కి రేపు గుండె ఆపరేషన్. బీయున్ కొడుకు గుండ్రాయిలా ఉన్నాడు, మొన్ననే మెడిసిన్ సీటు కూడా వచ్చింది. అమ్మవారు కూడా కలిగినవాళ్ల పక్షమే కాబోలు.

"నీకేంలే, చెక్కలు కూడా నీ మాటే వింటాయి. ఇంకేం వరం మిగిలిందే నీకు?" అంది.

బీయున్ మళ్లీ చెక్కలు చేతిలోకి తీసుకుంది. అడిగేది ఎవరి గురించో అమ్మవారికి ప్రతిసారీ విన్నవించుకోవాలి కదా, కళ్లు మూసుకుని చెప్పుకుంది. "నూడుల్స్ కొట్టు మీద మేడ, తల్లీ. పిల్లాడి పేరు జున్‌హోంగ్. పందొమ్మిదేళ్లు."

ఆ మేడ సూచిన్‌దే. ఆ పిల్లాడు ఆమె కొడుకే.

చెక్కలు మళ్లీ అవునన్నాయి.

"మావాడి గురించా? ఏమడిగావు?"

"క్షేమంగా బయటపడతాడా అని. నువ్వేమడిగావక్కా?"

"వాడికేమన్నా అయిపోతుందా అని."

"కాదని మూడుసార్లు చెప్పింది కదక్కా. ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?"

సూచిన్ కళ్లు తుడుచుకుంటూ చెక్కలు ఏరుకుంది. అయినా అనకుండా ఉండలేకపోయింది.

"కన్నతల్లిని నేనుండగా, వాడి గురించి మంచి మాట ముందు నీ నోటే వచ్చిందన్నమాట."