ఇటుక బట్టీ గాడిదల పుస్తక సంఘం

"తగ్గించాలి, తగ్గించాలి!" అన్న కేక వీధి చివరిదాకా వినబడింది. ఎర్రక్క అనే ఆడగాడిద చెవులు వాల్చేసింది. ఇంత కష్టపడి పుస్తక సంఘం పెడితే మొదటి పేజీలోనే ఈ గొడవా అనుకుంది.

సంగతేంటంటే, ఇవాళ పొద్దున ఇటుక బట్టీ గాడిదలన్నీ బరువు తగ్గించమని ఉద్యమం చేశాయి. యజమాని దిగొచ్చి, "సరే, ఎంత తగ్గించమంటారు?" అనడిగాడు. అన్నీ ఒక్క గొంతుతో "తగ్గించాలి!" అన్నాయి. ఆయన నవ్వుకుని, "రేపొస్తా, ఆలోచించి చెప్పండి," అని వెళ్లిపోయాడు. రేపూ ఇదే జవాబైతే జన్మంతా ఈ మోతే. అందుకే ఎర్రక్క బరువుల లెక్కలున్న పుస్తకమొకటి సంపాదించి, చదివి వినిపించడానికి చదువొచ్చిన గోరింక బుల్లెమ్మని బతిమాలి తెచ్చుకుంది. పాపం బుల్లెమ్మ "గాడిద మోయదగిన బరువు" అని చదివిందో లేదో, అందరూ నినాదం అందుకున్నారు. అలవాటు మరి, ముందు ఒకరంటే వెనక పదిమంది అనాల్సిందే.

"నాయనా, ఇది ఊరేగింపు కాదు," అంది ఎర్రక్క.

"ఊరేగింపు కాదు!" అన్నారందరూ.

"నా గూటికి నేను పోతానక్కా," అంది బుల్లెమ్మ.

ఎర్రక్కకి చప్పున ఒకటి తట్టింది. తను దాచుకున్న పచ్చగడ్డి మోపు తెచ్చి నడిమధ్య విప్పింది.

"కూర్చోండర్రా. తింటూ వినండి."

నోళ్లు నిండాయి. అంతంత పొడుగు చెవులూ అప్పటికి పనిలోకి దిగాయి. బుల్లెమ్మ రెండో పేజీ తిప్పింది. కాసేపటికి ముసలి గాడిద పోతరాజు నోట్లోది నిదానంగా మింగి, "ఆ లెక్క ఇంకోసారి చదువమ్మా," అన్నాడు.

అప్పుడు ఎర్రక్క కూడా చతికిలబడి, ఓ పరక నోట్లో వేసుకుంది.