చరణం చెల్లిది

టైలరమ్మకు మతి చెదిరిందనీ, గోడతో పాటలు పాడుకుంటోందనీ పక్కింటావిడ పాలవాడి చెవిన వేసిందట. అతగాడు ఆ కబురు కూడా పాలతోపాటు ఈ గుమ్మంలో పోసి వెళ్లాడు.

"అననీ. గోడమీది టీవీలో నా చెల్లెలు కనిపిస్తుందని ఆవిడకేం తెలుసు?" అని మూతి తిప్పింది టైలరమ్మ.

ఆమె బెంగ వేరే. చిన్నప్పుడు నాన్న కుట్టుకొట్లో అక్కాచెల్లెళ్లు కాజాలు కుడుతూ పాడేవాళ్లు. పల్లవి అక్కది, చరణం చెల్లిది. అక్క పళ్ల మధ్య దారం ఉంటే చెల్లే రెండూ లాగించేసేది. బట్టలు తీసుకున్నవాళ్లు కూడా కదిలేవారు కాదు. నాన్న పోయాక, చెల్లితో మాటమాత్రమైనా అనకుండా ఆయన మిషను అమ్మేసింది అక్క. ఆనాటి నుంచి చెల్లి మాట కలిపింది గానీ పాట కలపలేదు. అక్క రోజూ వీడియో కాల్‌లో పల్లవి పాడి ఆగుతుంది. అవతల "గొంతు బాలేదే" అనడమో, లైను తెగడమో.

"ఇక తెగదు అత్తయ్యా," అన్నాడు నెట్‌వర్కు కంపెనీలో పనిచేసే అల్లుడు. "ఇదివరకు మాటా బొమ్మా ఎక్కడో దూరాన క్లౌడ్‌ దాకా పోయి బాగుపడి వచ్చేవి. ఇప్పుడా మరమ్మతు దారిలోనే, మన వీధి చివరి పెట్టెలోనే. బొమ్మ ఆగినా మాట ఆగదు. తెగిన చోట ఏముండాలో ఊహించి అతికేస్తుంది. చిన్నత్తయ్య గొంతు పట్టుబడాలని మీ కొట్టు రోజుల క్యాసెట్టు కూడా దానికి వినిపించా."

"అతుకు కనబడకూడదు సుమా! మా నాన్నయితే విప్పి మళ్లీ కుట్టమనేవాడు."

సాయంత్రం చెల్లి తెరమీదికి వచ్చింది. మంచీచెడూ అయ్యాక టైలరమ్మ పల్లవి ఎత్తుకుంది. ఆగింది.

బొమ్మ బిగుసుకుపోయింది. ఒక్క క్షణం. తర్వాత చరణం వచ్చింది. అదే గొంతు, చివర అదే చిన్న విరుపు. టైలరమ్మ ముక్కుకు మిషను నూనె వాసన తగిలింది. వేళ్లు వాటంతటవే ఒళ్లో కాజా కుట్టాయి.

బొమ్మ మళ్లీ కదిలింది.

"ఇన్నేళ్లకు కరిగావటే! మిషను సంగతి మనసులోంచి తీసేశావా? ఎంత కమ్మగా పాడావే తల్లీ!" కొంగుతో కళ్లు ఒత్తుకుంది టైలరమ్మ. పక్కన అల్లుడు కాలరు సవరించుకున్నాడు.

చెల్లి తెరలోంచి అక్కను ఎగాదిగా చూసింది.

"నేను నోరే విప్పలేదు."