పది నిమిషాలు వెనక

“మా అన్నయ్య ఖాతా మూసేయండి,” అంది చెల్లెలు, కుర్చీలో కూర్చోకుండానే.

కౌంటర్ వెనక ఉన్నావిడ తలెత్తి అన్న వైపు చూసింది. అన్న మాత్రం గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు. అతను వాచీలు బాగుచేస్తాడు. ఎవరిదో దుకాణంలో ఓ మూల బల్ల వేసుకుని కూర్చుంటాడు. తనకంటూ ఒక దుకాణం ఉండాలన్నది అతని కోరిక. అందుకే ప్రతి నెలా మొదటి తారీఖున ఈ పెట్టుబడుల కంపెనీ ఆఫీసుకి వచ్చి, పన్ను పడని పొదుపు ఖాతాలో వేసి కాస్త కాస్త ఫండ్లు కొంటున్నాడు. అందరూ అతన్ని నిదానం అని పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. వాచీ అద్దం తుడవడానికి అరగంట, పెళ్లి మాటెత్తితే “చూద్దాంలే”.

చెల్లెలు బస్సు కండక్టరు. చిల్లర దగ్గర ఆమెతో పెట్టుకుని నెగ్గినవాడు లేడు. నెల రోజులుగా అన్న బుర్ర తినేస్తోంది. పన్ను లేకపోవడం చట్టం ఇచ్చిన సౌకర్యం, ఎక్కడ వేసినా ఉంటుంది. వీళ్లు మాత్రం అదేదో తమ జేబులోంచి ఇస్తున్నట్టు ఏటా నూటికి ఒకటిన్నర చొప్పున రుసుము లాగేస్తున్నారు. ఇలాగైతే అన్న దుకాణం తలుపులు ముసలితనంలోగానీ తెరుచుకోవు. అందుకని డ్యూటీ దిగాక ఫోను పట్టుకుని మూడు యాప్‌లు జల్లెడ పట్టింది. ఒకటి చౌకే గాని, కొన్న ప్రతిసారీ ఎంతో కొంత గుంజుతుంది. నెలనెలా కొనేవాడికి అది దండగ. రెండోది ఎంత డబ్బున్నా నెలకి ఒకటే రుసుము. మారాజులకి బాగుంటుంది. మూడోది ఏటా నూటికి పావు రూపాయి మాత్రమే తీసుకుంటుంది. అదే మనకి సరిపోతుందని తేల్చేసింది.

అన్న అన్నిటికీ తలూపాడు గాని కదల్లేదు. గట్టిగా నిలదీస్తే, ఆ ఆఫీసు గడియారం తనకింకా లొంగలేదన్నాడు. ఎన్నిసార్లు సరిచేసినా, మళ్లీ వెళ్లేసరికి పది నిమిషాలు వెనక ఉంటోందట. విప్పి చూస్తే లోపల ఏ లోపమూ కనపడదట. పైగా అదంతా ఉచిత సేవేనని తెలిసి చెల్లెలికి ఒళ్లు మండింది. ఈ రోజు సెలవు పెట్టి మరీ అతన్ని లాక్కొచ్చింది.

“మూసేస్తే మీకే నష్టం,” అంది కౌంటర్ ఆవిడ.

“ఆ మాటే అంటారని తెలుసు.”

“అది కాదండీ. డబ్బు చేతికి తీసుకున్నారంటే, ఇన్నేళ్లు వేసిన సొమ్ముకి పన్ను మినహాయింపు పోతుంది. ముందు కొత్త యాప్‌లో ఇలాంటి ఖాతాయే తెరవండి. అక్కణ్ణుంచే బదిలీ అడగండి. ఫండ్లు ఉన్నవి ఉన్నట్టు అక్కడికి వెళ్లిపోతాయి.”

చెల్లెలికి తొందరపడి అన్న దుకాణాన్ని తన చేతులతోనే ముంచబోయినందుకు సిగ్గేసింది. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంది. మూడో యాప్ చూసి, మంచిదే ఎంచారంది. బదిలీ కోసం ఎక్కడ నొక్కాలో కూడా దగ్గరుండి చెప్పింది. సొంత కంపెనీ ఖాతాని మీరే సాగనంపుతున్నారేమిటని చెల్లెలు అడిగితే, ఆయన దుకాణం తొందరగా పెట్టుకోవాలి కదండీ అంది. చెల్లెలి మనసు కరిగిపోయింది. టీ తెప్పిస్తానంది. ఖాతాదారుల దగ్గర మంచినీళ్లు కూడా పుచ్చుకోకూడదనీ, మాటలు కూడా పని వరకేననీ తమ ఆఫీసులో నియమం ఉందని ఆవిడ చెప్పింది.

నెలాఖరులోగా ఫండ్లన్నీ కొత్త చోటికి చేరిపోయాయి. చెల్లెలు లెక్క వేసి చూస్తే దుకాణం ఇంచుమించు కనుచూపు మేరలోకి వచ్చింది. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అయితే మొదటి తారీఖున అన్న నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పనిముట్ల సంచీ చంకన పెట్టుకుని బయల్దేరాడు.

“ఖాతా లేని చోట నీకేం పని అన్నయ్యా?”

“గడియారం మిగిలిపోయింది.”

అన్న మళ్లీ అక్కడే ఖాతా తెరిచి వస్తాడేమోనని భయపడి ఆమె వెంట నడిచింది. వాళ్లు చేరేసరికి భోజనాల వేళ. గడియారం ఎప్పట్లాగే పది నిమిషాలు వెనక ఉంది. అన్న నిట్టూర్చి స్టూలు లాక్కున్నాడు.

కౌంటర్ ఆవిడ సొరుగుకి తాళం వేసి, చేతిసంచీ తీసుకుని బయటికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ కౌంటర్ దాటి అతని దగ్గరికి రావడం ఇదే మొదటిసారి.

“మీరిప్పుడు మా ఖాతాదారు కారు కదా,” అంది. “టీ తాగడానికి వెళ్దామా?”

అన్న ఒక కాలు స్టూలు మీద, ఒక కాలు నేల మీద అలాగే ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఇది ఒక్కటి చూసి వస్తానండీ,” అన్నాడు. “లోపం ఎక్కడుందో ఇవాళ కనిపెట్టేస్తాను.”

“దానికి ఏ లోపమూ లేదు. మీరు ఇంకాసేపు ఉంటారని, మీరొచ్చే రోజు పొద్దున్నే ముల్లు వెనక్కి తిప్పేది నేనే.”