స్పేర్ ట్యూబు

"నా సైకిల్‌ని ఏం చేస్తున్నారండీ?"

పళ్ల డాక్టరమ్మ గట్టిగానే అడిగింది.

ఆమె సైకిల్ వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూస్తున్న పెద్దాయన తలెత్తాడు. డెబ్బై దాటి ఉంటాయి. నెత్తిన రంగు వెలిసిన పసుపు హెల్మెట్.

"గాలి ఎక్కువైందమ్మా. ఎండెక్కితే పేలుతుంది. కాస్త తీసెయ్యనా?"

"మా ఆయన కొట్టారు. లెక్కల మాస్టారు. లెక్క తప్పదు. మీ సైకిల్ సంగతి మీరు చూసుకోండి."

"సరే తల్లీ," అని నవ్వేసి, తన పాత సైకిల్ దగ్గరికి వెళ్లిపోయాడు.

చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల నుంచి లెక్కల మాస్టారు రెండు చేతులూ ఊపాడు. పెళ్లయి నాలుగు నెలలు.

పెళ్లినాటికి ఆమెకి ఈత రాదు. నడుంలోతు నీళ్లలో చెయ్యి పట్టుకుని అతనే నేర్పాడు. సగం ఈత, సగం నవ్వులు.

ఇవాళ పోటీలో రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిల్, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఎనిమిదిన్నర గంటల్లో ముగిస్తే పతకం. దాన్ని తగిలించడానికి ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టేసి వచ్చారిద్దరూ.

మైకులో రిఫరీ గొంతు వినిపించింది.

"దారిలో తోటి పోటీదారు సాయం చెయ్యొచ్చు. బయటివాళ్లు చెయ్యి వేస్తే పేరు కొట్టేస్తాం. కట్టుకున్న మొగుడైనా సరే!"

అందరూ గొల్లున నవ్వారు.

ఈత అయింది. చేపలా కాదు గానీ, మునక్కుండా ఒడ్డుకొచ్చింది.

సైకిల్ మీద అరవయ్యో కిలోమీటరు. మలుపులో తాడు అవతల పోటీదారుల ఇళ్లవాళ్లంతా నిలబడి చప్పట్లు కొడుతున్నారు, వాళ్లలో మాస్టారు కూడా.

ఢాం!

వెనక చక్రం.

సీటు కింద సంచి విప్పింది. ట్యూబు ఉండాల్సిన చోట మడతపెట్టిన ఉత్తరం.

'ఇది తెరిచావంటే అలిసిపోయావన్నమాట. నా బంగారు డాక్టరమ్మకి వంద ముద్దులు.'

"మాస్టారూ! ట్యూబేదీ?"

తాడు అవతల మాస్టారు జేబులోంచి ట్యూబు తీశాడు. మొహం పాలిపోయింది.

"సంచిలో రెండూ పట్టలేదు మరి..."

"అందుకని ట్యూబు తీసేసి ముద్దులు పెట్టావా?"

"విసిరెయ్యనా?"

"విసిరితే నా పేరు కొట్టేస్తారు! చేతులు కట్టుకో!"

బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు మాస్టారు.

అప్పుడే పక్కన ఒక సైకిల్ ఆగింది. పసుపు హెల్మెట్.

"జరగమ్మా."

తన సంచిలోని ట్యూబు తీసి, చకచకా మార్చేశాడు. గాలి కొట్టి బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఇదిగో, ఇంతే ఉండాలి."

"సార్, నా దగ్గర ఉన్నది మీరు తీసుకోండి," అన్నాడు మాస్టారు.

"అది ముట్టుకుంటే నేనూ అవుటే బాబూ. పొద్దున గాలి కొట్టింది నువ్వేనా?"

"నేనే సార్."

"కొత్తగా పెళ్లయిందా?"

"ఎలా తెలిసింది?"

"చక్రం చెప్పింది."

డాక్టరమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"మరి మీకు స్పేరు?"

"నాకేం కాదులే. ఎక్కు, ఎక్కు. టైమైపోతోంది."

ఎక్కేసింది. థాంక్స్ కూడా సగం గాలికే పోయింది.

పరుగులో చివరి మూడు కిలోమీటర్లు కాళ్లు తనవి కావనిపించాయి. అయినా ఆగలేదు.

ముగింపు గీత దాటేసరికి ఎనిమిది గంటల ఇరవై ఆరు నిమిషాలు.

"మా కోడలండీ! మా కోడలే!" అత్తగారు కనిపించిన వాళ్లందరికీ చెప్పేస్తోంది. మాస్టారు సిగ్గు లేకుండా ఏడుస్తున్నాడు.

పతకం మెడలో పడబోతుండగా రిఫరీ మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క నిమిషం. మలుపు దగ్గర మీవారు చేతిలో ట్యూబు పట్టుకుని కనిపించారని ఫిర్యాదు వచ్చింది."

"మావారిది కాదు మేడమ్! ఒక పోటీదారు ఇచ్చారు. పెద్దాయన."

"పేరు?"

"అడగలేదు."

"నంబరు?"

"చూడలేదు." ఇంట్లో గోడమీద ఖాళీ మేకు కళ్లముందు కనిపించింది. "పసుపు హెల్మెట్ పెట్టుకున్నారు."

రిఫరీ మేడమ్ చెయ్యి దించింది. అట్టకి గుచ్చిన కాగితాల్లోంచి ఒక చీటీ లాగి చదివింది.

"'నాలుగు వందల పన్నెండో నంబరు అమ్మాయికి ట్యూబు ఇచ్చింది నేను. మొగుడు చేతులు కట్టుకునే ఉన్నాడు. పిల్ల బాగా తొక్కుతోంది. పతకం ఇవ్వండి.'"

చదివి తల ఊపింది.

"ఎవరైనా బాగా తొక్కుతున్నారని ఆయన అనగా నేనెప్పుడూ వినలేదు. గర్వపడమ్మా."

పతకం తనే మెడలో వేసింది. చల్లగా, బరువుగా, ఎంతో బాగుంది.

"ఆయన ఇంకా పరుగులోనే ఉన్నారా మేడమ్? ఎదురెళ్లి తీసుకొస్తాం."

"లేదమ్మా. డెబ్బై అయిదో కిలోమీటరు దగ్గర చక్రం పంక్చరైంది. స్పేరు లేదు. మా వ్యానులో వచ్చి, ఈ చీటీ రాసిచ్చి, ఇంటికి వెళ్లిపోయారు."

"అయ్యో! వచ్చే ఏడాది తప్పకుండా పూర్తి చేస్తారు లెండి," అన్నాడు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ.

రిఫరీ మేడమ్ చీటీని జాగ్రత్తగా మడిచింది.

"ఈ పోటీ మొదలై ముప్పై రెండేళ్లయింది బాబూ. అన్నేళ్లలో ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఈ గీత దాటిన మనిషి ఆయనొక్కరే, పోయిన ఏడాది వరకూ."