సంతకం గడి

“నీ పేరు ఎవరికి తెలుసమ్మాయ్?” అన్నారు శివరామయ్య మాస్టారు.

ఉషశ్రీ అడిగింది ఎక్కువేం కాదు. రేపల్లె అమ్మవారి గుళ్లో దసరాకి కట్టే కలంకారీ తెర అది. పన్నెండడుగుల గుడ్డ మీద మహిషాసురమర్దినిని నలభై రోజులు నేల మీద కూర్చుని, నడుం పడిపోయేలా వేసింది. మాస్టారి చెయ్యి వణకడం మొదలయ్యాక పనంతా ఆమెది, పేరంతా ఆయనది. ఈ ఒక్క తెర మీదైనా ఆయన పేరు కింద తన పేరు రాయమంది.

“ఆరేళ్లుగా నేనే వేస్తున్నానండి.”

“వేస్తే? బాపట్ల శివరామయ్య తెర అంటే జనం దండం పెడతారు. తెనాలి ఉషశ్రీ అంటే ఏ ఉషశ్రీ అంటారు. కింద సంతకానికి గడి గీసి ఉంచు. రేపు పట్టుకెళ్లి ఇంటి దగ్గర పేరు రాసుకుంటాలే.”

ఆయన బస్సెక్కగానే ఉషశ్రీకి ఒళ్లు మండిపోయింది. ఈ ముసలాయన పరువు నలుగురిలో తియ్యకపోతే నా పేరు ఉషశ్రీయే కాదు అనుకుంది.

ఈ పనిలో ఎరుపు ముందే కనిపించదు. ఎరుపు కావలసిన చోటల్లా పటికనీళ్లతో గీస్తారు. ఆరిందంటే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. చెట్టువేళ్లు వేసి మరగబెట్టిన నీళ్లలో గుడ్డని ఉడికించినప్పుడే, పటిక పడిన చోట ఎర్రగా తేలుతుంది. అమ్మవారి చీరా, మహిషుడి నెత్తురూ అన్నీ అలాగే గీసింది.

ఇప్పుడు గడి గీసింది. కలాన్ని పటికనీళ్లలో ముంచి, గడిలో ఎడమ పక్కన లావుగా రెండక్షరాలు రాసింది. దొంగ. ఆరేదాకా ఊదింది. మాయమైపోయింది.

మర్నాడు మాస్టారు వచ్చి గుడ్డ చూసుకున్నారు.

“గడి పెద్దదైందేంటి?”

“మీ పేరు గొప్పగా కనపడాలి కదండీ. ఎడమ పక్కన కాస్త జాగా వదిలి రాయండి, అంచుకి ఆనకుండా ఉంటుంది.”

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశారు. గుడ్డ మడత చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఎరుపు తేలడం భక్తులంతా చూడాలని రేపల్లెలో కమిటీ వాళ్లు గుడి ముందే పెద్ద కాగు పెట్టించారు. గుడ్డని అందులో వేసి ఇద్దరు మనుషులు కర్రలతో తిప్పుతున్నారు. ఉషశ్రీ ముందు వరసలో నిలబడింది. ఏ పండక్కీ ఆమెకి ఇంత సంతోషంగా లేదు.

మాస్టారు మైకు అందుకున్నారు.

“ఇన్నాళ్లూ సిగ్గు లేకుండా ఎన్నో గుడ్డల మీద నా పేరు రాసుకున్నానండి. నిన్న దీని మీద కూడా రాయబోయాను. అమ్మవారి పాదాల దగ్గర అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఇది వేసింది నేను కాదు, అదిగో ఆ అమ్మాయి. నల్లరంగుతో తన పేరొక్కటే రాశాను. తెర పైకి లేపాక మీరే చదువుకోండి.”

చప్పట్లు మోగాయి.  ఉషశ్రీ కాగు దగ్గరికి పరుగెత్తింది.

“తియ్యకండి అన్నా. ఇంకా ఉడకలేదు, పాడైపోతుంది.”

“పిచ్చిపిల్ల, సిగ్గుపడుతోంది,” అంది వెనక ఒకావిడ, ముద్దుగా.

తెర పైకి లేచింది. అమ్మవారి చీర భగ్గున ఎర్రబడి ఉంది. జనం చేతులెత్తి దండం పెట్టారు. కమిటీ పెద్ద కళ్లజోడు సవరించుకుని, కింద గడి దగ్గరికి వంగి, ఊరంతా వినబడేలా మైకులో చదివాడు.

“దొంగ ఉషశ్రీ.”